తాళం తీసిన తీరం: ఎస్టోనియా

ఐరోపా పటంలో బాల్టిక్ సముద్రపు తూర్పు గట్టున, ఫిన్లండుకు దిగువన, లాట్వియాకు ఎగువన, రష్యాకు పడమటి సరిహద్దుగా ఒక చిన్న ముక్క కనిపిస్తుంది. అదే ఎస్టోనియా. విస్తీర్ణం సుమారు 45 వేల చదరపు కిలోమీటర్లు. అంటే ఇంచుమించు మన హర్యానా అంత. జనాభా మాత్రం పద్నాలుగు లక్షల లోపు. 2011 జనాభా లెక్కలలో ఒక్క విశాఖపట్నం నగరంలోనే అంతకన్న ఎక్కువమంది ఉన్నారు. భూమిలో సగభాగం అడవి. దీవులన్నీ కలుపుకొని తీరరేఖ 3,700 కిలోమీటర్లకు పైగా ఉన్నది. రెండు వేలకు పైబడిన దీవులలో మనుషులు నివసించేవి కొద్ది మాత్రమే.

వేసవి రోజులలో పెద్ద విహారనౌకలు ఉదయాన్నే రాజధాని టాలిన్ రేవుకు చేరి, వేలమంది యాత్రికులను దించి, సాయంత్రానికి తిరిగి ఎక్కించుకొని పోతాయి. వారిలో చాలామంది పాత నగరపు రాతిబాటల మీద నాలుగు గంటలు నడిచి, ఒక గోపురం ఎక్కి దిగి, ఎస్టోనియా చూశామనుకుంటారు. చూడలేదనే చెప్పవలసి ఉంటుంది. ఈ దేశం తన సొగసులను బజారులో పరచి కూర్చున్న దేశం కాదు. మంచుకొండలు లేవు. దేశమంతటిలోకి ఎత్తయిన కొండ 318 మీటర్లు, మన తిరుమల కొండలో సగమైనా లేదు. దాని పేరు సూర్ మునమాగి, ‘పెద్ద గుడ్డు కొండ’ అని అర్థం. ఆ పేరు పెట్టడంలోనే ఆ ప్రజల స్వభావం కొంత తెలుస్తున్నది. ఇక్కడ చూడవలసినది ఒక చిన్న జాతి తన భాషను, తన పాటను, తన సముద్రాన్ని ఎలా దక్కించుకొన్నదనే విషయం. అందుకు ఒక్క పూట చాలదు. ఒక వారమైనా కావాలి.

టాలిన్ నుంచే మొదలుపెట్టడం న్యాయం. 1219లో డెన్మార్కు రాజు రెండవ వాల్డెమార్ ఇక్కడి కొండకోటను పట్టుకొన్నాడు. ‘డేన్‌ల పట్టణం’ అనే అర్థంలో టాలిన్ అనే పేరు ఏర్పడినదని సాధారణంగా చెబుతారు. తరువాత జర్మను వర్తకులు వచ్చారు. ఉత్తర సముద్రాల వ్యాపారాన్ని శాసించిన హాన్సా కూటమిలో ఇది ఒక ముఖ్యమైన రేవు అయినది. నగరసభా భవనం 1404లో నేటి రూపానికి వచ్చినది. ఆ కూడలిలోనే 1422 నాటి పత్రాలలో పేర్కొన్న మందుల దుకాణం ఒకటి ఉన్నది; అది నేటికీ మందులు అమ్ముతున్నది. కోట గోడలు, బురుజులు, సన్నని వీధులు, 124 మీటర్ల ఎత్తున నిలిచిన ఓలెవిస్తె చర్చి శిఖరం – ఇవన్నీ చెక్కుచెదరకుండా ఉన్నందున 1997లో యునెస్కో ఈ పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చినది. వీటిని గురించి ఏ మార్గదర్శక పుస్తకమైనా విపులంగా చెబుతుంది కనుక ఇక్కడ ఆగము. ఒక్క మాట మాత్రం: ఈ నగరాన్ని కట్టించినవారు, ఏలినవారు ఎక్కువగా జర్మనులు, డేన్‌లు, స్వీడన్‌వారు, రష్యనులు. ఎస్టోనియను రైతు ఏడువందల సంవత్సరాల పాటు ఈ గోడల బయటివాడే. అతని ఇంటిని చూడాలంటే నగరపు పడమటి అంచున, సముద్రపు ఒడ్డున ఉన్న ఆరుబయలు ప్రదర్శనశాలకు వెళ్ళాలి. అక్కడ దేశం నలుమూలల నుండి తెచ్చి నిలిపిన గడ్డికప్పు ఇళ్ళున్నవి. ఒకే కప్పు కింద మనుషుల గది, ధాన్యం ఆరబెట్టే గది, కళ్ళం! పొగగొట్టం లేని ఆ చీకటి గదులలో కొద్దిసేపు నిలుచుంటే పాత నగరంలోని వర్తకుల మేడలు వేరే లోకంలా తోస్తాయి.

ఆధునిక టాలిన్‌లో తప్పక చూడవలసినది ఒక హోటలు. 1972లో విదేశీ యాత్రికుల కోసం ఫిన్లండు వారి చేత కట్టించిన విరు హోటలులో లిఫ్టు మీటలు 22 అంతస్తులనే చూపేవి. ఇరవైమూడవ అంతస్తులో సోవియట్ గూఢచారి శాఖ వారి శ్రవణ యంత్రాలుండేవి. అతిథుల గదులలో మాటలు అక్కడికి చేరేవి. ఇప్పుడు ఆ గది ఒక చిన్న ప్రదర్శనశాల. యంత్రాల శకలాలు, తెగిన తీగలు అలాగే ఉంచి చూపుతున్నారు. నవ్వు వస్తుంది కాని, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

మూసిన సముద్రం

ఎస్టోనియా 1918 ఫిబ్రవరి 24న స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నది. రెండు దశాబ్దాలు సొంత పాలన సాగినది. 1939 ఆగస్టు 23న హిట్లరు, స్టాలినుల ప్రభుత్వాలు చేసుకొన్న రహస్య ఒడంబడికలో ఈ దేశం సోవియట్ యూనియను వాటాకు పోయినది. 1940లో సోవియట్ సేనలు, 1941లో జర్మను సేనలు, 1944లో మళ్ళీ సోవియట్ సేనలు – నాలుగేళ్ళలో మూడు ఆక్రమణలు. జర్మనుల కాలంలో దేశంలో మిగిలి ఉన్న సుమారు వేయిమంది యూదులు హతులయ్యారు. 1944 శరత్కాలంలో, జర్మనులు పోయి సోవియట్లు తిరిగి వస్తున్న ఆ కొద్ది వారాలలో, దాదాపు 70 వేలమంది ఎస్టోనియనులు ఇల్లూ వాకిలీ విడిచి పశ్చిమానికి పారిపోయారు. వేలమంది చేపల పడవలలోనే, తుపాను కాలపు బాల్టిక్ మీద, స్వీడనుకు బయలుదేరారు. అందరూ చేరలేదు. వోర్మ్సీ వంటి దీవులలో శతాబ్దాలుగా ఉన్న స్వీడిష్ భాషా కుటుంబాలు దాదాపు మొత్తంగా వెళ్ళిపోయినవి.

ఆ పైన తీరానికి తాళం పడినది. సముద్రపు ఒడ్డంతా సోవియట్ సామ్రాజ్యపు పడమటి సరిహద్దు కదా! రాత్రిపూట ఒడ్డుకు పోరాదు. అనుమతి లేకుండా పడవ దింపరాదు. చాలాచోట్ల ఇసుకను దున్ని చదును చేసి ఉంచేవారు. ఎవరైనా నీటివైపు నడిచినా, నీటినుండి వచ్చినా అడుగుజాడలు పడాలని. సారేమా, హియుమా అనే రెండు పెద్ద దీవులకు వెళ్ళాలంటే సొంత దేశస్థులకే అనుమతి పత్రం కావలసి వచ్చేది. సారేమాలో పుట్టిన వ్యక్తికి టాలిన్‌లోని అన్నగారు పెళ్ళికి రావాలన్నా పత్రమే. గంగ ఒడ్డున ఉండి గంగాస్నానానికి దరఖాస్తు పెట్టుకొన్నట్లు! తీరం ఉండి కూడా సముద్రం లేని దేశంగా దాదాపు అర్ధ శతాబ్దం గడిచినది.

1949 మార్చిలో నాలుగు రోజుల వ్యవధిలో ఇరవై వేల పైచిలుకు మందిని పశువుల పెట్టెలలో సైబీరియాకు పంపారు. వారిలో అధిక భాగం స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. టాలిన్ తీరాన మార్యమాగి వద్ద 2018లో ప్రారంభమైన స్మారకం మీద, తిరిగి రాని 22 వేలకు పైగా మనుషుల పేర్లున్నవి. రెండు నల్లని గోడల మధ్య నడక. గోడలు దాటగానే ఆపిల్ చెట్ల తోట, ఎదురుగా సముద్రం. యాత్రికులకు ఈ దేశస్థులు మితభాషులుగా కనిపిస్తారు. పొరుగువానికి చెప్పిన మాట ఎవరి చెవిన పడుతుందో తెలియని రోజులు రెండు తరాల పాటు నడిచిన దేశమని గుర్తుంచుకొంటే, ఆ మౌనాన్ని అమర్యాద అని పొరబడము.

ఆ తాళం ఎలా ఊడినదో చెప్పాలంటే పాట దగ్గరకు పోవాలి. 1869లో టార్టు పట్టణంలో మొదటి గానోత్సవం జరిగినది. ఎనిమిది వందల పైచిలుకు గాయకులు, అందరూ పురుషులే. అప్పటినుండి యుద్ధాలు, ప్రభుత్వాలు మారినా ఉత్సవం పూర్తిగా ఆగిపోలేదు. సాధారణంగా ఐదేళ్ళకొకసారి జరుగుతున్నది. టాలిన్‌లో 1960లో కట్టిన విల్లు వంటి పెద్ద వేదిక మీద ఇరవై, ముప్పై వేలమంది గొంతు కలిపి పాడతారు. సోవియట్ కాలంలో లెనినును కీర్తించే పాటలు తప్పక పాడవలసి వచ్చేది. అవి అయిన తరువాత, పందొమ్మిదవ శతాబ్దపు కవయిత్రి లీడియా కొయిదులా మాటలకు గుస్తావ్ ఎర్నెసాక్స్ కట్టిన స్వరాన్ని జనం పాడేవారు. జాతీయగీతం నిషిద్ధమైన రోజులలో వారికి అదే జాతీయగీతమైనది. 1988 సెప్టెంబరులో ఆ మైదానంలో సుమారు మూడు లక్షలమంది చేరారని అంచనా. దేశ జనాభాలో ఐదో వంతు! మరుసటి యేడు ఆగస్టు 23న, ఆ రహస్య ఒడంబడికకు యాభై సంవత్సరాలు నిండిన రోజున, టాలిన్ నుండి లాట్వియా రాజధాని రీగా మీదుగా లిథువేనియా రాజధాని విల్నియస్ వరకు 600 కిలోమీటర్లకు పైగా, మూడు దేశాల ప్రజలు సుమారు ఇరవై లక్షలమంది చేయీ చేయీ పట్టుకొని నిలిచారు. 1991 ఆగస్టు 20న స్వాతంత్ర్యం తిరిగి వచ్చినది. దీనిని ‘గాన విప్లవం’ అంటారు. ఈ మాటలో కవిత్వం ఉన్నదే కాని అతిశయోక్తి లేదు.

చివరి పెద్ద గానోత్సవం 2025 జులైలో జరిగినది. ఉత్సవపు యేడు అక్కడ ఉండగలిగితే సరే. లేకున్నా ఆ మైదానం గడ్డివాలు మీద కాసేపు కూర్చొని రండి. ఖాళీగా ఉన్నప్పుడే అది ఎంత పెద్దదో తెలుస్తుంది.

దీవులు

వీర్త్సు రేవు నుండి మూహు దీవికి నావలో అరగంట లోపు ప్రయాణం. కార్లు, బస్సులు కూడా నావలోనే ఎక్కుతాయి. మూహు నుండి సారేమాకు కట్ట మీద రోడ్డున్నది. సారేమా దేశంలోకెల్లా పెద్ద దీవి. అనుమతి పత్రాల కాలంలో కర్మాగారాలు, జనసమ్మర్దం రాకపోవడం వల్ల, ఒక విధంగా ఆ నిషేధం వల్లనే, ఇక్కడ పాత రాతిగోడల పొలాలు, కొయ్య గాలిమరలు, జూనిపరు పొదలు చెడకుండా మిగిలినవి. కురెసారె పట్టణంలో కందకం నడుమ మధ్యయుగపు కోట చక్కగా నిలిచి ఉన్నది. కాలీ అనే పల్లె వద్ద ఆకాశం నుండి ఉల్క పడి ఏర్పడిన గుంట ఉన్నది. అడ్డుకొలత సుమారు 110 మీటర్లు, అడుగున నీరు. చుట్టూ చెట్లు మూసుకొన్న ఆ నిశ్చలమైన కుంట ముందు పెద్ద మాటలు పలకబుద్ధి కాదు.

హియుమా ఇంకా నిశ్శబ్దమైనది. అక్కడ కొపు దీపస్తంభం 1531 నుండి నావికులకు దారి చూపుతున్నది. ప్రపంచంలో నేటికీ వెలుగుతున్న అతి ప్రాచీన దీపస్తంభాలలో అదొకటి. చలి బాగా ముదిరిన సంవత్సరాలలో మాత్రం సముద్రం గడ్డకట్టి, ప్రధాన భూభాగం నుండి హియుమాకు మంచు మీదనే బాట తెరుస్తారు. దూరం సుమారు 26 కిలోమీటర్లు. ఆ బాట మీద నియమాలు మన నియమాలకు తలకిందులు. సీటు బెల్టు పెట్టుకోరాదు. మంచు పగిలితే వెంటనే బయటపడాలి కదా! వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు గాని, 40కి పైన గాని ఉండాలి. మధ్య వేగంలో బండి వెళితే మంచు కింద నీటిలో అల లేచి మంచును పగలగొట్టే ప్రమాదం ఉన్నదట. ఆగడం నిషేధం. శీతకాలాలు వెచ్చబడుతున్న ఈ రోజులలో ఆ బాట ప్రతి యేడూ తెరవబడుతుందనే ఆశ లేదు.

అన్నింటిలోనూ నాకు ఆసక్తికరమైనది కిహ్ను. చాలా చిన్న దీవి. కొద్ది వందలమంది మనుషులు. మగవారు నెలల తరబడి చేపల వేటకు, సీలు వేటకు పోగా, ఇల్లు, పొలం, పశువులు, పెళ్ళి, చావు అన్నీ స్త్రీల చేతులలో నడిచిన సమాజం ఇది. వారి నేత, పాట, ఆచారాలతో కూడిన ఈ దీవి సంస్కృతిని యునెస్కో 2003లోనే గుర్తించినది. కిహ్ను స్త్రీ కట్టుకొనే చారల ఉన్ని లంగా చూసి ఆమె మనఃస్థితి చెప్పవచ్చు. ఎర్రని చారలు అధికమైతే సంతోషం. నలుపు, నీలం అధికమైతే దుఃఖం. మరణం తరువాత కాలం గడిచిన కొద్దీ లంగాలో ఎరుపు కొద్దికొద్దిగా తిరిగి వస్తుంది. ఇవి ప్రదర్శన కోసం వేసుకొనే బట్టలు కావు. పెద్దవయసు స్త్రీలు వీటితోనే పక్కపెట్టె తగిలించిన మోటారు సైకిలు మీద అంగడికి పోతారు. ఫొటో తీయాలంటే ముందు అడగడం మర్యాద.

మూడు మాత్రల భాష

ఎస్టోనియను భాష చుట్టుపక్కల రష్యను, లాట్వియను, జర్మను భాషలకు చుట్టం కాదు. ఫిన్నిష్ భాషకు దగ్గర బంధువు, హంగేరియనుకు దూరపు బంధువు. సోవియట్ కాలంలో ఉత్తర తీరంలోని ఇళ్ళలో సముద్రం ఆవలి ఫిన్లండు టెలివిజను ప్రసారాలు అందేవి. భాష కొంత అర్థమయ్యేది. బయటి లోకాన్ని ఆ కిటికీలో నుండి చూశారు.

తెలుగు వారికి ఈ భాషలో ఒక వింత ఆకర్షణ ఉన్నది. చుట్టరికం ఏమీ లేకపోయినా, నామవాచకానికి విభక్తి ప్రత్యయం తగిలించే పద్ధతి మనకు పరిచితమే. ‘టాలిన్నస్’ అంటే టాలిన్‌లో. ‘టాలిన్నస్త్’ అంటే టాలిన్ నుండి. ఇటువంటి విభక్తులు పద్నాలుగు. మన వ్యాకరణంలో హ్రస్వం, దీర్ఘం, ప్లుతం అని మూడు మాత్రలు చెబుతారు. ప్లుతం పిలుపులలో తప్ప వాడుకలో అంతగా లేదు. ఎస్టోనియనులో ఆ మూడూ అర్థాన్ని మారుస్తాయి. ‘సద’ అంటే నూరు. ‘సా’ను దీర్ఘంగా పలికితే ‘పంపు’ అని. అంతకన్న సాగదీస్తే ‘పొందడం’ అని. పాణినీయం చదివిన పండితుడు అక్కడికి పోతే చెవి ఆనందిస్తుందనుకొంటాను. స్త్రీపురుష భేదం లేదు, ఆమెకూ అతనికీ ఒకటే సర్వనామం. భవిష్యత్కాలానికి ప్రత్యేక క్రియారూపం కూడా లేదు, వర్తమానంతోనే సరిపెట్టుకొంటారు.

ఈ భాష మాట్లాడేవారు ప్రపంచం మొత్తం మీద పదకొండు లక్షలమంది ఉంటారు. అటువంటి భాషలో వైద్యశాస్త్రం, న్యాయశాస్త్రం, ఖగోళం విశ్వవిద్యాలయ స్థాయిలో బోధిస్తున్నారు, నవలలు అచ్చవుతున్నవి, ప్రభుత్వం నడుస్తున్నది. ఎనిమిది కోట్లమందికి పైగా మాట్లాడే భాష మనది. ఈ లెక్క చూసినప్పుడు మనకు కొంత ఇబ్బందిగా ఉండటంలో తప్పులేదు.

ఈ భాషా సంపద పల్లెలలోనే దొరికినది. 1888లో యాకబ్ హుర్త్ అనే మతాచార్యుడు, పత్రికలలో ప్రజలకు విజ్ఞప్తి చేశాడు: మీ ఊరి పాటలు, కథలు, సామెతలు, పొడుపుకథలు వ్రాసి పంపండి అని. సుమారు 1,400 మంది రైతులు, బడిపంతుళ్ళు, పనివారు పంపగా లక్షకు పైగా పుటల సేకరణ పోగయినది. అది నేడు టార్టులోని సాహిత్య ప్రదర్శనశాలలో ఉన్నది.

టార్టు గురించి ఒక మాట. టాలిన్ నుండి 185 కిలోమీటర్లు, రైలులో రెండు గంటల పైచిలుకు. 1632లో స్వీడను రాజు గుస్తావస్ అడాల్ఫస్ స్థాపించిన విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. మన దేశానికి ఒక పాత సంబంధం ఇక్కడున్నది: మైత్రాయణీ సంహితను పరిష్కరించి ప్రచురించిన సంస్కృత పండితుడు లెయొపోల్డ్ ఫాన్ ష్రోడర్ (1851–1920) ఈ ఊరిలోనే పుట్టి, ఇక్కడే బోధించాడు. ఊరి కొండ మీది ఖగోళశాల నుండి స్ట్రూవె అనే శాస్త్రజ్ఞుడు ఆర్కిటిక్ మహాసముద్రం మొదలు నల్లసముద్రం దాకా 2,800 కిలోమీటర్ల మేర భూమిని కొలిపించాడు. మన దేశంలో లాంబ్టను, ఎవరెస్టులు కన్యాకుమారి నుండి హిమాలయాల దాకా కొలుస్తున్నదీ ఆ దశాబ్దాలలోనే. ఊరి వెలుపల సోవియట్ యుద్ధవిమానాల స్థావరం ఉండేది. అందువల్ల విదేశీయులకు టార్టులో రాత్రి బస నిషేధం. ఆ విమానాల పరుగుబాటకు కొనసాగింపుగా 2016లో జాతీయ ప్రదర్శనశాల కట్టారు. నేలనుండి నెమ్మదిగా లేస్తున్నట్లుండే ఆ గాజు భవనం, లోపలి వస్తువులు – ఈ రెండింటికీ ఒక రోజు పడుతుంది.

దేశ జనాభాలో నాలుగో వంతుకు దగ్గరగా రష్యను భాషీయులున్నారన్నది కూడా యాత్రికులు తెలిసి ఉండాలి. సోవియట్ కాలంలో పరిశ్రమలకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు అధికం. తూర్పు సరిహద్దున నార్వా పట్టణంలో దాదాపు అందరూ వారే. నది ఈ గట్టున ఒక కోట, ఆ గట్టున రష్యాలో మరొక కోట, మధ్య ఒక వంతెన – చిత్రంలోకి అందమైన దృశ్యమే. 2022లో ఉక్రెయిను మీద రష్యా యుద్ధం విస్తరించిన తరువాత ఆ దృశ్యంలోని అందం చూడటం కష్టమైనది. 2024 నుండి బడులన్నీ క్రమంగా ఎస్టోనియను మాధ్యమానికి మారుతున్నవి. తమ భాష నిలవాలని ఒకరి ఆరాటం. తమ పిల్లలు వెనుకబడతారని మరొకరి దిగులు. ఈ విషయంలో బయటివాడు తీర్పు చెప్పకుండా వినడం మంచిది.

నేల, తిండి

దేశంలో ఐదో వంతు తడినేల. వేల సంవత్సరాలుగా నాచు పెరిగి, చచ్చి, కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకొన్న నేల. సంవత్సరానికి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందంటారు. దీనిని ‘రబా’ అంటారు. టాలిన్‌కు తూర్పున లాహెమా జాతీయ వనంలో – ఇది 1971లో ఏర్పడినది, సోవియట్ యూనియనులో మొట్టమొదటి జాతీయ వనం – రబా మీదుగా చెక్క పలకల బాట వేశారు. మరుగుజ్జు పైను చెట్లు, నల్లని నీటికుంటలు, పలకల చప్పుడు తప్ప మరే చప్పుడూ లేని ఉదయం. బాట దిగరాదు, అడుగున ఊబి.

నైరుతిన సోమా అనే చోట వసంతంలో మంచు కరిగి నదులు పొంగి అడవులు, పొలాలు, రోడ్లు మునుగుతాయి. దానిని ‘ఐదో ఋతువు’ అని పిలుచుకొంటారు. అప్పుడు ఒంటి మాను తొలిచి చేసిన పడవలే వాహనాలు. మన కొల్లేటి తాటిదోనెలు చూసినవారికి అవి కొత్తగా తోచవు. ఆ పడవలు చేసే విద్య అంతరించే స్థితిలో ఉన్నదని యునెస్కో 2021లో అత్యవసర రక్షణ జాబితాలో చేర్చినది.

భోజనం విషయంలో శాకాహారులు కొంత జాగ్రత్త పడాలి. పులుసులలో మాంసపు ఉడుకునీరు వాడటం మామూలే. ఇక్కడ భాష అక్కరకు వస్తుంది. ‘లేకుండా’ అనే అర్థానికి ఆ భాషలో ఒక విభక్తే ఉన్నది. ‘లిహ’ అంటే మాంసం, ‘లిహత’ అంటే మాంసం లేకుండా. ‘కల’ అంటే చేప, ‘కలత’ అంటే చేప లేకుండా. తెలుగువాడి కలత తీర్చే మాట ఇదే! నల్లని రై రొట్టె ప్రతి బల్ల మీదా ఉంటుంది. భోజనానికి కూర్చొన్నవారితో ‘యాత్కు లైబా’ – రొట్టెకు కొదవ లేకుండుగాక – అనడం మర్యాద. రొట్టె కింద పడితే తీసి ముద్దు పెట్టుకోవడం పెద్దల అలవాటు. మనవాళ్ళు అన్నానికి కాలు తగిలితే కళ్ళకద్దుకొన్నట్లు. ‘కమ’ అనే పిండిని అడిగి తినండి. బార్లీ, రై, ఓట్లు, బఠాణీలు వేయించి విసిరిన పిండి. మజ్జిగలోనో పెరుగులోనో కలిపి తింటారు. బతుకమ్మ పండుగ సత్తుపిండి తిన్నవారికి మొదటి చెంచాలోనే ఇల్లు జ్ఞాపకం వస్తుంది.

ప్రయాణానికి పనికివచ్చే వివరాలు

ఎస్టోనియా 2004లో ఐరోపా సమాఖ్యలో చేరినది. 2007 చివర నుండి షెంగెన్ ప్రాంతంలో ఉన్నది. కనుక భారతీయులకు షెంగెన్ వీసా కావాలి. ఆరు నెలల ముందు నుండి పదిహేను రోజుల ముందు వరకు దరఖాస్తు చేయవచ్చు; వేసవిలో రద్దీ కనుక చివరి రోజులకు ఉంచుకోవద్దు. కనీసం 30 వేల యూరోలకు వైద్య బీమా తప్పనిసరి. ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. 2011 నుండి నాణెం యూరో. చిన్న దుకాణంలో కూడా కార్డు చెల్లుతుంది. టాలిన్‌లో భారత రాయబార కార్యాలయం ఉన్నది. అత్యవసర సహాయానికి ఫోను సంఖ్య 112.

మన దేశం నుండి వెళ్ళేవారు ఐరోపాలో మరొక పెద్ద విమానాశ్రయంలో మారవలసి ఉంటుంది. హెల్సింకి వరకు విమానంలో పోయి, అక్కడినుండి రెండు గంటలు ఓడలో 80 కిలోమీటర్ల సముద్రం దాటి టాలిన్ చేరడం నా దృష్టిలో ఉత్తమం. దూరాన శిఖరాలు ఒక్కొక్కటిగా నీటినుండి లేస్తాయి. ఏ హాన్సా వర్తకుడైనా ఈ నగరాన్ని మొదట చూసినది అలాగే. లాట్వియా రాజధాని రీగా నుండి బస్సులో నాలుగు గంటల పైచిలుకు.

మే చివరి నుండి ఆగస్టు వరకు అనుకూలమైన కాలం. జూనులో టాలిన్‌లో పగలు పద్దెనిమిది గంటలు దాటుతుంది. కిటికీకి దట్టమైన తెర లేకుంటే నిద్ర పట్టదు. జూను 23 రాత్రి దేశమంతా ఊరూరా భోగిమంటలు వేస్తారు, మరునాడు సెలవు. ఆ రెండు రోజులలో నగరాలు ఖాళీ, దుకాణాలు, కార్యాలయాలు చాలావరకు మూత; బస ముందే ఏర్పాటు చేసుకోవాలి. డిసెంబరులో పగలు ఆరు గంటలే. అయినా మంచు ఉంటే వెలుతురు ఉన్నట్లే. మంచు లేని నవంబరు మాత్రం ఎవరికీ సిఫారసు చేయను.

అడవులలో నడవటానికి, కంచె లేని నేలలో బెర్రీలు, పుట్టగొడుగులు ఏరుకోవడానికి అందరికీ హక్కున్నది. ప్రభుత్వ అటవీ సంస్థ అడవులలో ఉచితంగా బస చేయడానికి చిన్న గుడిసెలు, కట్టెలు కూడా అమర్చినది. తెలియని పుట్టగొడుగు కోయకండి. వసంతం నుండి శరత్తు వరకు గడ్డిలో పిడుదులుంటాయి. వాటి కాటువల్ల మెదడువాపు వచ్చే అవకాశం ఉన్నది. నిండు చేతుల చొక్కా, పొడవు మేజోళ్ళు ధరించి, బసకు రాగానే ఒళ్ళు పరిశీలించుకోవాలి. ఎక్కువ రోజులు అడవులలో తిరిగేవారు ముందుగా టీకా గురించి వైద్యుని సంప్రదించడం మంచిది.

శీతకాలంలో వెళ్ళేవారికి చివరగా ఒకటి. చీకటిలో నడిచే ప్రతివారూ వెలుగును తిప్పికొట్టే చిన్న బిళ్ళ ఒకటి కోటుకు వేలాడదీసుకోవాలని అక్కడి చట్టం. దానిని ‘హెల్కుర్’ అంటారు. పువ్వు, పక్షి, చేప – రకరకాల ఆకారాలలో ఏ కిరాణా దుకాణంలోనైనా అమ్ముతారు. దారంతో కోటు కుడి జేబుకు కట్టుకొని, మోకాలి ఎత్తున వేలాడనివ్వండి.